నోట్ల మన్ను

మా మేనత్త కనకలక్ష్మికి కోపమొస్తే
ఒకటే తిట్టు:
"నీ నోట్ల మన్నువడ!"
కొత్తవాడ గల్లీలో
మగ్గం చప్పుడు మీదుగా వినపడేది.
నాకూ చాలాసార్లు పడింది,
కండెలు చుట్టమంటే పుస్తకం తెరిచినందుకు.

ఇప్పుడు నాది మన్ను ఏరుకునే ఉద్యోగం.

నర్సంపేట దాటాక, పోశాలు మిరపచేను గట్టున
నాగలి తగలని జానెడు చోటు.
పైపొర గీకేసి, చెంచాను స్పిరిట్‌తో తుడిచి
బెత్తెడు లోతున తవ్వి
వేలెడంత గొట్టంలో చిటికెడు మన్ను.
పోశాలు తలకు తువ్వాల చుట్టుకొని వంగి చూశాడు.
"ఏమేద్దామంటరు మేడం, యూరియానా, పొటాషా?"
"ఏం వెయ్యొద్దు. ఇండ్ల మందున్నదేమో చూస్తున్న."
"మందా? డబ్బాలకు డబ్బాలు కొట్టిన,
ఉండకేడ వోతది!"
ఆ నవ్వు ముందు నేను గొట్టం మూత బిగించడం తప్ప
ఏమీ చెయ్యలేకపోయాను.

పెద్దాసుపత్రిలో అత్త రిపోర్టు:
మందుల పేర్లు పద్నాలుగు వరుసలు,
ప్రతి పేరు పక్కనా ఒకే అక్షరం.
దాని అర్థం, లొంగదు అని.
బొటనవేలి పుండుతో మొదలై,
నలభై ఏళ్లు తొక్కుడు చెక్క తొక్కిన కాలు
మోకాలి కింది దాకా పోయింది.
"దీనిమీద ఇంక మందు లేదమ్మా" అన్నాడు డాక్టరు,
దుకాణంలో సరుకు అయిపోయినట్టు.

చిటికెడు మన్నులో కోట్ల ప్రాణాలు.
పళ్లెంలో పెంచుదామంటే నూటికొకటి మొలుస్తుంది.
మిగతావి మన చేతివంట ముట్టవు.
నఫీసా మేడం అంది:
"రానివాళ్లను పిలవకు. జాడ చదువు."
గాజుపూసలతో గిలకొట్టి,
సబ్బునీళ్లలో పొరలు పగలగొట్టి
చల్లటి స్పిరిట్ మెల్లగా పోస్తే
రెండు నీళ్ల నడుమ
తెల్లగా ఒక పోగు తేలింది.
బతికున్నవాటిదీ, ఎప్పుడో చచ్చినవాటిదీ,
పోయినేడు కుళ్లిన మిరపవేరుదీ
అంతా కలిసిన పోగు.

మిషను దాన్ని తుంపులు తుంపులుగా చదివింది.
రాత్రంతా కంప్యూటరు
తుంపుకు తుంపు అతికింది.
పడుగు తెగితే అత్త
వేళ్లకు బూడిద అద్దుకొని
ఎవరితోనో మాట్లాడుతూనే, చూడకుండానే
కొస వెదికి పురేసేది.

తెల్లారి, గట్టు మన్నులో ఒక వరుస దొరికింది.
మందు నేసే సూత్రంలా ఉంది.
తెలిసిన ఏ మందుతోనూ
సగానికి మించి పోలలేదు.
నేసేదెవరో మొహం తెలియదు.
నేసేది చీరో, ఉరితాడో తెలియదు.
ఆ వరుసను తీసి, చెప్పిన మాట వినే
ఇంకో జీవిలో పెట్టి నేయిస్తే కదా.
ఏళ్లు పడుతుంది. నేయకపోనూ వచ్చు.
"సంతోషపడకు, పోయి పండుకో"
అంది మేడం, చాయ్ నాకూ పోస్తూ.

ఆదివారం అత్తకు చెప్పాను.
మంచం మీద, లేని కాలు గోక్కోబోయి
చెయ్యి ఆపుకొని
చాలాసేపు నన్ను చూసింది.
"గట్లనా?
గిన్నేండ్లు నేను మిమ్ముల తిట్టలేదన్నట్టు,
దీవించిన్నట్టు!"
నవ్వుతుంటే దగ్గొచ్చింది.
నీళ్లు తాగించాను.

నిన్న పోశాలు ఫోను.
"మా మన్ను పాసైందా మేడం?"
"ఇంకా రాస్తున్నది."
"రాయనీ గని, పక్కోడు జేసీబీ తెస్తడట,
గట్టు జరుపుతడట.
మీరొచ్చి ఓ మాట చెప్తరా?
గట్టు మీద ఫలానోళ్లున్నరని?"

వస్తానన్నాను.
బస్సెక్కి కూర్చున్నాను కూడా.
ఫలానా ఎవరని చెప్పాలో,
వాళ్లకింకా
పేర్లు లేవు.